చిక్కుడు తోటలో సముద్రం

నదిలో పడవ ప్రయాణం, చివర చారిత్రక సముద్రతీర నగరం అని టూరువాళ్లు రంగుల కాగితం మీద అచ్చేసి మరీ పంచారు. ఏడో తరగతిలో బడి మానేసి మోటార్లు బాగుచేసుకునేవాణ్ణి, చరిత్రలో కలిసిపోయింది సముద్రమే అని నాకెవడు చెప్పాడు?

అక్క కోసం బయల్దేరాను. జన్మంతా కుట్టుమిషను తొక్కి మోకాళ్లు అరగదీసుకుంది. ఆపరేషను దగ్గరపడింది. "అది వికటిస్తే మళ్లీ నడుస్తానో లేదో, ఈలోగా ఒక్కసారి సముద్రంలో కాళ్లు పెట్టాలిరా" అంది.

పడవ దిగాం. రేవు ఉంది. లైట్‌హౌస్ ఉంది. మునిగేవాళ్లకి విసిరే ట్యూబులు గోడకి వరసగా వేలాడుతున్నాయి. రాతి మెట్ల కింద మాత్రం కనుచూపు మేర చిక్కుడు తోట. నది తెచ్చి పోసిన మట్టికి సముద్రం తాతల నాడే వెనక్కి పోయిందట. ఆ కబురు మునిసిపాలిటీకి ఇంకా అందినట్టు లేదు.

ఎత్తు కుర్చీలోంచి ఒక గజఈతగాడు ఈల వేశాడు. "ఎర్ర జెండా కనపడట్లేదా? ఇవాళ దిగకూడదు."

"ఎందులోకయ్యా?"

"సముద్రంలోకి."

"కళ్లు పెట్టుకుని చూడు. చిక్కుళ్లవి!"

"అందరూ అదే అంటారు. నేను ఉద్యోగంలో చేరాక ఒక్కడూ మునగలేదు, తెలుసా?"

"మునగడానికి నీళ్లేవి?"

"ఇలా తేలిగ్గా తీసుకునేవాళ్లే మునుగుతారు."

మాతో వచ్చిన రిటైర్డు మాస్టారు మెట్ల మీద తువ్వాలు పరుచుకుని, "అలల చప్పుడు ఎంత హాయిగా ఉందో!" అన్నాడు. చదువుకున్నవాడు కదా, డబ్బు కట్టాక వినపడి తీరాలి.

"పదవే అక్కా, ఈ పిచ్చిమారాజులతో మనకెందుకు" అన్నాను.

అక్క చెప్పులు విప్పి నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ఈల మోగింది. తిరిగి చూడలేదు. నడుమెత్తు మొక్కల్లోకి నడుచుకుంటూ పోయింది. నాకు నవ్వాగలేదు.

ఉన్నట్టుండి మనిషి కనపడలేదు. ఒక్క చెయ్యి పైకి లేచింది.

"లోతుకి పోయింది!" అంటూ గజఈతగాడు చొక్కా విప్పి పారేసి తోటలోకి దూకాడు. బోర్లా పడి, రెండు చేతులా చిక్కుళ్లు తోసుకుంటూ ఈదాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. మోకాళ్లు పట్టేసి అక్క కూలబడిందని, లేవలేకపోతోందని, ఆయన భుజాన వేసుకొచ్చాక గాని నాకు తెలియలేదు.

మెట్ల మీద కూచోబెట్టాడు. పొద్దున్నే తోటకి నీళ్లు పెట్టారు కాబోలు, అక్క కాళ్లు పిక్కల దాకా తడిసున్నాయి. వాటినే చూసుకుంటోంది.

"ఎంత చల్లగా ఉందిరా!" అంది, రొప్పుతూ.

ఆయన ఒంటి మీద ఆకులు దులుపుకుంటూ నా వైపు తిరిగాడు. "తోడబుట్టినవాడివి, ఆవిడ మునిగిపోతుంటే ఒడ్డున నిలబడి నవ్వుతావా?"

అందరూ నన్నే చూస్తున్నారు. అక్క కూడా.

"నాకు ఈత రాదండీ" అన్నాను.