పులి అడుగు మీద నిలబడిన గాజు

నేను ఒక గాజుపలకను. జానెడున్నర పొడవు, నాలుగు మూలలా పొట్టి ఇనుప కాళ్లు. పటాలు కట్టే కొట్టులో నాతోపాటు కోసిన పలకలన్నీ దేవుళ్ల బొమ్మలకు వెళ్లాయి. నన్ను అటవీశాఖ వాళ్లు కొని పులి అడుగుల మీద నిలబెట్టారు. అసూయతోనే నా బతుకు మొదలైంది.

నల్లమలలో పులి జాడలు పట్టే చెంచు ట్రాకర్ కుడుముల ఈదన్న చేతికి వచ్చాక ఆ బాధ తీరింది. బురదలో అచ్చు కనపడగానే ఈదన్న నన్ను దాని మీద పెట్టి, స్కెచ్ పెన్నుతో అంచులు గీసేవాడు. కాగితం మీదికి ఎక్కించాక తడిగుడ్డతో తుడిచేవాడు. ఇరవై రెండేళ్లు పులుల లెక్క మా ఇద్దరి మీదే నడిచింది.

అప్పుడు రెండు దేశాల పార్కుల మధ్య ఒప్పందం కుదిరింది. నేపాల్ నుంచి సుమిత్రా చౌధరీ అనే అధికారిణి నలభై కెమెరాలతో వచ్చి ఆరు నెలలు మకాం వేసింది. చెట్లకు వాటిని కడితే చాలు, ఎదురుగా ఏది కదిలినా అవే ఫొటో తీసేవి; పులే వచ్చి, ఏ పులో గుర్తుపట్టేలా తన చారలు చూపించి పోయేది. అందరూ వాటి చుట్టూ మూగారు. వాటికి కొత్త బ్యాటరీలు, నాకు తడిగుడ్డ కూడా కరువు. నా కడుపు మండింది. ఈదన్నకూ మండిందని అతను నన్ను సంచిలో పడేసే తీరులోనే తెలిసింది.

వాన వెలిసిన ఒక ఉదయం వాగు ఒడ్డున ఆడపులి అచ్చులు కనిపించాయి. ముందరి ఎడమకాలు సరిగ్గా ఆనలేదు. దాని పక్కనే ఏదో ఈడ్చుకుపోయిన సన్నని గీత. కాలికి బిగుసుకున్న వేటగాళ్ల ఉచ్చు తీగ గీత అది. ఈదన్న గీసుకున్నాడు గానీ క్యాంపులో నోరు విప్పలేదు.

"వాళ్ల కెమెరా డబ్బాలు చెప్తాయిలే," అని గొణిగాడు. నాకెంత సంతోషమైందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

డబ్బాలు చెప్పలేదు. పులి కెమెరాలున్న దారి వదిలి పొదల్లోకి పోయింది. మర్నాడు ఈదన్న అన్నం ముట్టకుండా క్యాంపుకు వెళ్లి నన్ను సుమిత్ర ముందు పెట్టాడు.

"అమ్మా, పులి కాలికి ఉచ్చు పడుండాది. నిన్ననే చూసినా. మీ మీద కుళ్లుతో చెప్పలే."

ఆమె నా మీది గీతను వేలితో తడిమింది. "మా అడవిలో నేనూ పదేళ్లు ఇలాగే గీశాను," అంది వచ్చీరాని తెలుగులో. "నువ్వు ముందు నడువు అన్నా."

అతను అచ్చులు వెతుకుతూ నడిచాడు. ఆమె ఆ దారిలోనే కెమెరాలు కట్టుకుంటూ వెళ్లింది. మూడో రోజుకు పులి దొరికింది. డాక్టరు మత్తిచ్చి తీగ కోశాడు. ప్రాణం నిలిచింది, రెండు వేళ్లు పోయాయి. ఒక్కరోజు ముందు తెలిసుంటే అవీ దక్కేవన్నాడు. ఈదన్న తల దించుకున్నాడు. తల ఉంటే నేనూ దించుకునేదాన్ని.

సుమిత్ర తిరిగి వెళ్లేటప్పుడు ఈదన్న నన్ను ఆమెకు ఇచ్చేశాడు. ఇప్పుడు నేపాల్లో వాళ్ల శిక్షణ గదిలో బల్ల మీద ఉన్నాను. కొత్త ట్రాకర్లకు ఆమె నన్ను చూపించి ఆ పులి సంగతంతా చెబుతుంది. నేను పొంగిపోతుంటాను. ముగింపులో మాత్రం ప్రతిసారీ ఒకటే మాట.

"ఈ గాజు ఏమీ చూడలేదు. చూసినవాడు ఈదన్న."

కెమెరాల మీద నాకిప్పుడు కుళ్లు లేదు. ఈదన్న కళ్ల మీద ఉంది.