ఆటో ఎక్కని ముస్కాన్

పిల్లల భయం పోగొట్టడంలో ఆకివీడు నుంచి ఏలూరు దాకా తనను మించినవాడు లేడని ఆరిఫ్ ఆదివారం సాయంత్రం అక్క షమీమ్ ముందు ప్రకటించాడు. సోమవారం పొద్దున్నే ఆ సంగతి తేలిపోయింది. యూకేజీ చదివే అతని మేనకోడలు ముస్కాన్ స్కూలు ఆటోను చూడగానే గేటు ఊచలు పట్టుకుంది. అందరూ కలిసి లాగితే గేటు ఊడింది గానీ పిల్ల రాలేదు.

కారణం కొత్త డ్రైవర్ కనకరత్నం. మొన్నటిదాకా చేపల ప్యాకింగ్ షెడ్డులో చేసేవాడు. ఎంత భారీ మనిషంటే, ఆయన కూర్చుంటే ఆటో ఆయన తొడుక్కున్న చొక్కాలా ఉండేది. ఆయన మెల్లగా దగ్గితే ఉండి ఊరి చెరువుల మీద కొంగలు లేచిపోయేవి.

షమీమ్ టైలరింగ్ షాపులో కొత్తగా చేరింది. పిల్లను తనే స్కూల్లో దింపి వెళ్ళేసరికి రోజూ ఆలస్యమే. "ఈ వారం చూస్తానమ్మా, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటాను," అని ఓనరు నాగమల్లేశ్వరి గారు మెత్తగా చెప్పేసింది. ఆవిడ అరిచినా బాగుండేది.

మంగళవారం ఆరిఫ్ కనకరత్నాన్ని నవ్వమన్నాడు. "పళ్ళు కనపడాలండి బాబాయ్." ఆయన నవ్వాడు. ముస్కాన్‌తోపాటు ఆటోలో అప్పటికే కూర్చున్న పిల్లలు కూడా ఏడుపందుకున్నారు. బుధవారం పాట పాడించాడు. వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడ ఎవరికో ఏదో అయిందనుకుని చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇంకేం చెయ్యమంటావయ్యా," అన్నాడు కనకరత్నం విసుగ్గా. "మీసం తీసెయ్యమంటే తీసేస్తాను. ఇంటికెళ్తే మా ఆవిడ ఎవరండీ అని అడుగుద్ది, అంతే."

"అసలెందుకు భయమో దాన్ని అడిగావట్రా?" అంది షమీమ్.

"చిన్నపిల్లల భయానికి కారణమేముంటుంది ఆపా."

గురువారం ఉక్కపోతకి కుక్కలు కూడా నీడ వెతుక్కుంటుంటే, ముస్కాన్ స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, రెండేసి జతల సాక్సులతో బయటికొచ్చింది.

"ఇదేం వేషమే?" అంది షమీమ్.

"ఐసులో చలేస్తది కదా అమ్మీ."

కనకరత్నం ఆటో దిగి, పిల్ల ఎత్తుకి రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "ఏ ఐసు తల్లీ?"

ముస్కాన్ ఆయనకి కాదు, తల్లికి చెప్పింది. "అల్లరి పిల్లల్ని పెట్టెలో పెట్టి, పైన ఐసు పోసి, మూత బిగించి, హౌరా పోయే లారీ ఎక్కిస్తాడంట. అక్కడ చేపల్తోపాటు తూస్తారంట."

ఆటోలో ముందు సీట్లో కూర్చున్న చరణ్‌తేజ బ్యాగు తీసుకుని చప్పుడు చెయ్యకుండా దిగిపోయాడు.

"నీకెవరు చెప్పారే?"

ముస్కాన్ మామూ వంక చూసింది. షమీమ్ చూసింది. కనకరత్నం కూడా చూశాడు. చూడ్డానికి ఎవరూ మిగలక ఆరిఫ్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. పోయిన నెల ప్యాకింగ్ షెడ్డు ముందు నుంచి వస్తూ, ఫోన్ జోలికి రాకుండా ఉంటుందని పిల్లకి ఈ కనకరత్నాన్నే వేలుపెట్టి చూపించి ఆ కథ చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. రోజూ చెప్పే అబద్ధాల్లో అదెక్కడో అడుగున పడిపోయింది.

"పిల్లల మధ్య ఉండొచ్చని ఆ పని మానేశానయ్యా," అన్నాడు కనకరత్నం. ఆయన గొంతు అంత చిన్నగా రావడం అప్పటిదాకా ఎవరూ వినలేదు.

ఆరిఫ్ ముస్కాన్ ముందు కూర్చున్నాడు. "నేనే చెప్పాను. ఫోన్ ముట్టుకోకూడదని. బాబాయ్ పంపింది చేపల్నే. నేను చెప్పింది అబద్ధం."

"మరి ఇప్పుడు చెప్పేది?"

ఆరిఫ్ అక్క వంక తిరిగాడు. షమీమ్ టైము చూసుకుంటోంది. "నాకు కాదురా, ఆయనకి చెప్పు. అందరికీ వినపడాలి."

"మీ గురించి లేనిపోనివి చెప్పానండి బాబాయ్. తప్పు నాదేనండి."

ముస్కాన్ ఆటో మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగి, వెనక్కి తిరిగింది.

"మళ్ళీ చెప్పు."

ఆరిఫ్ మళ్ళీ చెప్పాడు.