రెండో దెబ్బ

రైలు ఎనిమిదో పెట్టె దగ్గర నల్లప్ప వంగి, చక్రం అంచుమీద సుత్తితో ఒక్కటి వేశాడు. ఖంగుమంది. ఎడమచేతి వేళ్లు చక్రానికి ఆనించి ఆ మోత ఆరిపోయేదాకా ఆగి, పక్క చక్రానికి కదిలాడు. ముప్పై నాలుగేళ్లుగా చేస్తున్న పని అదే. జంక్షన్‌కు వచ్చిన ప్రతి బండికీ చక్రాలు కొట్టి చూడాలి. బాగున్నది మోగుతుంది, పగిలింది బొంగురుపోతుంది. అంతకుమించి ఆ ఉద్యోగంలో ఏమీ లేదు. అతనిలోనూ ఏమీ లేదని రైల్వే కాలనీలో అందరి నమ్మకం.

పొడుగు మనిషి, బక్కపలుచన. సుత్తి మోసి మోసి కుడిభుజం రెండంగుళాలు దిగిపోయింది. తల ఎప్పుడూ ఎడమకు వాలి ఉంటుంది. ఎవరన్నా మాట్లాడితే మొహం తిప్పడు, చెవి తిప్పుతాడు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు దాన్ని పొగరనుకునేవాళ్లు. పాతవాళ్లు మాత్రం, నల్లప్పతో ఎక్కువసేపు మాట్లాడితే మన తలకాయ కూడా కొట్టి చూస్తాడని నవ్వుకునేవాళ్లు.

చివరి చక్రం కొట్టాక సుత్తిని తలపైకి ఎత్తి చూపించాలి. అంతా బాగుందని దాని అర్థం. అది చూశాకే గార్డు పచ్చజెండా ఊపుతాడు. నల్లప్ప చెయ్యి ప్రతిసారీ సగంలో ఒక్క క్షణం ఆగుతుంది. ఆ పొద్దునా ఆగింది. గార్డు విసుక్కున్నాడు, బండి పోయింది.

ఆ చెయ్యి ఆగడం డెబ్బై మూడు ఏప్రిల్‌లో మొదలైంది. ఆ రోజు ఒక గూడ్సు బండికి విల్కిన్స్ గార్డు. ఆంగ్లో ఇండియన్ మనిషి, అందరూ దొర అనేవాళ్లు గానీ మాట్లాడేది మాత్రం అచ్చమైన అనంతపురం తెలుగు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం సాయంత్రాలు డాన్సులు జరిగేవి. అక్కడి బ్యాండులో ఆయన బేస్ గిటారు వాయించేవాడు. దానికి నాలుగే తీగలు, నాలుగూ లావువి.

వెనకనుంచి ఆరో వ్యాగను, ఎడమ చక్రం. నల్లప్ప కొడితే మోగింది గానీ మోగవలసినంత మోగలేదు. ఖంగూ కాదు, బొంగురూ కాదు, రెండింటికీ మధ్య ఎక్కడో ఆగింది. రెండో దెబ్బ వేయడానికి సుత్తి ఎత్తాడు. బండి చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాను మెట్టుమీదనుంచి విల్కిన్స్ అరిచాడు.

“ఏమప్పా నల్లప్పా, ఆ చక్రానికి ముద్దులు పెడతాండావా? ఈ బండి అప్పజెప్పి సాయంత్రానికి డాన్సుకు రావల్ల నేను. పోనీప్పా!”

నల్లప్ప నవ్వేశాడు. ఎత్తిన సుత్తిని చక్రం మీద వేయకుండా అలాగే తలపైకి లేపాడు. విల్కిన్స్ పచ్చజెండా ఊపాడు.

పదహారు మైళ్లు పోయాక ఆ బండి పట్టాలు తప్పింది. బ్రేక్ వ్యాను దొర్లి విల్కిన్స్ చనిపోయాడు. ఎండకు పట్టాలు వంకరపోయాయని విచారణలో తేల్చారు. విరిగిన చక్రాలు తుక్కులో కలిసిపోయాయి. నల్లప్పను ఎవరూ ఏమీ అడగలేదు. అదే అతని కొంప ముంచింది. అడిగి ఉంటే చెప్పేసేవాడు, శిక్ష పడితే అనుభవించేవాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ చక్రం పగిలిందా, పగల్లేదా? పదకొండేళ్లుగా ఆ భూతం అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

విల్కిన్స్ భార్య సామాను సర్దుకొని బెంగుళూరు వెళ్లిపోతూ గిటారు తెచ్చి నల్లప్ప చేతిలో పెట్టింది. “ఆయనకు నీ చెవులంటే గురి నల్లప్పా. నువ్వే పెట్టుకో” అంది. వద్దనలేక తీసుకున్నాడు.

నెలరోజులు దాన్ని ముట్టుకోలేదు. ఒకనాడు దుమ్ము తుడుస్తుంటే బొటనవేలు అన్నిటికన్నా లావు తీగకు తగిలింది. ఆ మోతలో ఆ చక్రం వినబడింది. అచ్చంగా అదే కాదు, దాని తోబుట్టువులా ఉంది. నల్లప్ప గుడ్డ పక్కన పెట్టి కూర్చుండిపోయాడు.

కరెంటు పెట్టెకు తగిలిస్తే తప్ప పైకి వినబడని వాద్యం అది. నల్లప్పకు ఆ పెట్టె లేదు. గిటారు అడుగుభాగాన్ని ఇనప ట్రంకుకు ఆనించి, కొమ్ములా పొడుచుకొచ్చిన దాని పైభాగాన్ని దవడ ఎముకకు నొక్కుకొని వినేవాడు. దాని మెడమీద, వీణకు ఉన్నట్టే, అడ్డంగా ఇరవై లోహపు మెట్లు. ఒక మెట్టు దగ్గర నొక్కితే స్వరం హెచ్చయ్యేది, దాని కింది మెట్టుకు వస్తే తగ్గిపోయేది. అతనికి కావలసింది ఆ రెండు మెట్లకూ మధ్య ఉంది. తీగను పక్కకు లాగి చూశాడు, లాభం లేకపోయింది. ఏడాది అలా తంటాలు పడి, ఒక ఆదివారం పట్కారు తీసుకొని మెట్లు పీకడం మొదలుపెట్టాడు. కాల్చిన ఊచను మెట్టుమీద కాసేపు పెట్టి, లోపలి జిగురు కరిగాక, కొయ్య పెచ్చులూడకుండా చివరనుంచి మెల్లగా లేపేవాడు.

“పండ్లు పీకినట్ల పీకుతాండావు కదయ్యా. దొర సొమ్ము అది” అంది అతని భార్య మారెక్క.

“నోరు తెరిపిస్తాండా” అన్నాడు నల్లప్ప.

పాత బోగీ కిటికీ చెక్కలోంచి సన్నని తెల్లబద్దలు చీల్చి ఆ గాడుల్లో జిగురుతో దింపాడు. నాలుగు రోజులు గరుకు కాగితంతో రుద్ది, లక్క పూసి, మెడ మొత్తం నున్నగా చేశాడు. ఇప్పుడు వేలు ఎక్కడైనా ఆగవచ్చు. వేళ్లతో మీటితే చక్రంలా పలకదు, దానికి సుత్తి దెబ్బ కావాలి. అందుకని బొటనవేలి కణుపుతో తీగను కొట్టేవాడు, తీగ పోయి కొయ్యకు తగిలి ఫట్టుమనేలా. వెంటనే చూపుడువేలితో పక్క తీగను లాగి వదిలేవాడు. పట్నాల్లో అలా వాయించేవాళ్లున్నారనీ, దాన్ని స్లాప్ అంటారనీ అతనికి తెలీదు. తెలిసినా ఏం చేసుకుంటాడు? పదేళ్లు రోజూ మధ్యాహ్నం ఒక గంట కొట్టాడు. ఆ మోత దగ్గరిదాకా వచ్చేది, అందేది కాదు.

మారెక్కకు గిటారంటే భయం. స్టేషన్‌లో బండి కదిలినప్పుడల్లా గోడకు ఆనించిన గిటారు దానంతట అదే మూలుగుతుంది. భూమి అదిరితే తీగలు అదురుతాయని నల్లప్ప ఎన్నిసార్లో చెప్పాడు. గిన్నెలూ అదురుతాయి గదా, అవి ఏడవవేం అని ఆమె ప్రశ్న. దాని తలకు ఒక నల్లదారం కట్టి, ఆ గదిలో పడుకోవడం మానేసింది.

ఆ మధ్యాహ్నం సంగటీ ఊరిబిండి పచ్చడీ తిని నల్లప్ప ట్రంకు దగ్గర కూర్చున్నాడు. వరసగా రెండో ఏడు వాన లేదు. బయట వడగాలికి ఎర్రదుమ్ము లేచి కిటికీ రెక్కను కొడుతోంది. ఎండకు తీగ కాస్త వదులైంది. బిగించకుండానే వేలు పెట్టాడు. వేలు తను అనుకున్నచోట ఆగలేదు. చెమటకు జారి, రెండు తెల్లబద్దల నడుమ ఒక సన్నని గుంటలో కుదురుకుంది. అంత నున్నగా రుద్దిన మెడమీద ఆ గుంట అతను చేసింది కాదు, ఇన్నేళ్లలో ఎప్పుడూ వేలికి తగిలిందీ కాదు. బొటనవేలితో కొట్టాడు.

అదే మోత. ఖంగూ బొంగురూ కాని ఆ మోత దవడలోంచి దిగి పళ్లల్లో నిలిచింది. ఆరో వ్యాగను, ఎండ, ముక్కుకు కొట్టిన ఇరుసు నూనె వాసన, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి.

వంటింట్లోంచి మారెక్క చేట చేతపట్టుకొని వచ్చింది.

“ఎవరొచ్చినారయ్యా?”

“ఎవరూ రాలేదే.”

“బూట్ల సప్పుడు వింటి. గడపకాడ ఎవరో నిలబడినట్లుండె.”

గడప దగ్గర దుమ్ము తప్ప ఏమీ లేదు. నల్లప్ప మళ్లీ కొట్టలేదు. మోత దొరికింది గానీ పగిలిందో లేదో తీగ చెప్పదు గదా. ఎలాంటి చక్రం అలా మోగుతుందో చక్రమే చెప్పాలి. గిటారును గోడకు ఆనించి, సుత్తి తీసుకొని డ్యూటీకి పోయాడు. భయం వేసింది అతనికి. ఎందుకో అతనికే తెలీలేదు.

నాలుగున్నర ప్యాసింజరు నిండుగా ఉంది. కరువు పనులకు పోయి వస్తున్న జనం, గంపలు, పిల్లలు. ఐదో పెట్టె, ఎడమ చక్రం. నల్లప్ప సుత్తి వేశాడు.

మధ్యాహ్నం పళ్లల్లో నిలిచిన మోత చక్రంలోంచి వచ్చింది.

పక్క చక్రానికి పోలేదు. సుత్తి ఎత్తి రెండో దెబ్బ వేశాడు. మళ్లీ అదే. అంతలో ఇంజను కూత వేసింది. చక్రాల తనిఖీ అధికారి వెంకటేశులు గబగబా వచ్చాడు. నల్లప్పకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

“ఏమప్పా, సుత్తి ఎత్తవేమి? టైమయిపోయింది.”

“ఇది బాగలేదు సార్.”

వెంకటేశులు సుత్తి లాక్కొని తనే కొట్టాడు. “మోగుతాండాది కదప్పా! బండి లేటయితే మెమో వచ్చేది నాకు, నీకు గాదు.”

“మోగుతాండాది సార్. మోగవలసినంత మోగల్యా.”

“నువ్వు సుత్తి ఎత్తు ముందు.”

“నేను ఎత్తను” అన్నాడు నల్లప్ప. ముప్పై నాలుగేళ్లలో అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. సుత్తిని కంకరమీద పెట్టి, చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు.

వెంకటేశులు తిట్టాడు, బతిమిలాడాడు, చివరికి సీసాలో కిరసనాయిలు తెప్పించాడు. చక్రానికి కిరసనాయిలు పూసి, పొడిగా తుడిచి, పైన సుద్ద రాసి కొడితే, పగులు ఉంటే లోపలికి దిగిన నూనె బయటికి ఊరుతుంది. సుద్దను నల్లప్పే రాశాడు, చక్రమంతా తెల్లబడేదాకా. తర్వాత సుత్తి తీసుకొని మెల్లగా కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. కిటికీల్లోంచి జనం అరుస్తున్నారు. నాలుగో దెబ్బకు, తెల్లటి సుద్దమీద, ఎవరో లోపలినుంచి గీస్తున్నట్టు ఒక నల్లగీత అంచునుంచి మొదలై మెల్లగా నడిమికి పాకింది.

వెంకటేశులు వంగి ఆ గీతను దగ్గరగా చూశాడు. లేచి నల్లప్ప భుజం పట్టుకున్నాడు. “ఎంతమంది ప్రాణాలు నిలబెట్టితివప్పా! దేవుడివి నువ్వు.”

“అయితే ఇది పగులే అంటావా సార్?”

“ఇంగేంది? కండ్లకు కనపడతాండల్యా?”

నల్లప్ప తల ఊపాడు. ఆ పెట్టెను విడదీసి పక్క లైనులోకి నెట్టారు. జనాన్ని మిగతా పెట్టెల్లోకి సర్దారు. గార్డు వచ్చి చెయ్యి కలిపాడు. ఎవరో టీ తెచ్చి ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు. వెంకటేశులు అతన్ని ఇంటికి పొమ్మన్నాడు.

ఇంకా పొద్దుంది. మారెక్క గడపలో కూర్చొని బియ్యంలో రాళ్లేరుతోంది. నల్లప్ప ఆమె పక్కన మెట్టుమీద కూలబడ్డాడు.

“మారెక్కా, దొర బండిది పగిలిన చక్రమే.”

ఆమెకు సంగతంతా తెలుసు. ఎప్పుడో చెప్పాడు, ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. జరిగింది చెప్పించుకొని, చేట దించింది.

“ఈ పొద్దు అంతమందిని కాపాడితివి కదయ్యా.”

“ఈ పొద్దు రెండో దెబ్బ ఏసినా. ఆ పొద్దు ఏయకపోతి.”

మారెక్క లేచింది. కొంచెం మజ్జిగన్నా తాగమని లోపలికి పోయింది. ఆలస్యమైన ప్యాసింజరు అప్పుడు కదిలింది. గిన్నెలు సన్నగా అదిరాయి. గదిలో గిటారు మూలగలేదు. లావు తీగమీద ఫట్టుమని ఒక్క దెబ్బ పడింది, బొటనవేలితో కొట్టినట్టు.

“ఇంగ చాలు పెట్టేయయ్యా. దొరికింది కదా” అంది మారెక్క మజ్జిగ చిలుకుతూ.

జవాబు రాలేదు. గ్లాసు పట్టుకొని గదిలోకి వచ్చి చూసింది. గదిలో ఎవరూ లేరు. గిటారు గోడకే ఆని ఉంది. దాని లావు తీగ ఇంకా వణుకుతోంది. నల్లప్ప బయట మెట్టుమీదే ఉన్నాడు, తల ద్వారబంధానికి వాల్చి, చెవి పట్టాలవైపు పెట్టి. ఆమె వెళ్లి భుజం తట్టింది. ప్రాణం పోయి కాసేపయింది.

మూడోరోజున వెంకటేశులు మనుషుల్ని పెట్టి ఆ చక్రాన్ని ఇరుసుతో సహా ఊడదీయించి, పక్క లైను దగ్గర కంకరమీద పెట్టించాడు. పైనుంచి ఎవరో వచ్చి చూస్తారన్నారు, అందుకని ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఎవరూ రాలేదు. ఆ ఏడు వానా రాలేదు. ఉగాది దాకా ఆ చక్రం అక్కడే పడి ఉంది, నల్లప్ప చేత్తో రాసిన సుద్ద తెల్లగా, దాని నడుమ వెంట్రుకంత నల్లగీత.