భద్రంగా పెట్టిన చోటు

"ఫికర్ చెయ్యకు, నేను భద్రంగ పెట్టిస్త" అన్నాడు మెహమూద్.

ఆ మాట చెవిన పడగానే బియ్యంలో రాళ్లేరుతున్న జాహేదా చెయ్యి ఆగిపోయింది. పదకొండేళ్ల కాపురంలో మొగుడు భద్రంగా పెట్టిన వస్తువేదీ వేళకు ఆమె చేతికి వచ్చింది లేదు. అంగన్‌వాడీ ఉద్యోగానికి పిలుపొచ్చిన ఏడు, పదో తరగతి సర్టిఫికెట్ కావాలని అడిగితే, "బీరువా తాళం యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు" అన్నాడు. గడువు దాటిన మర్నాడు తాళం ఆయన షేర్వాణీ జేబులోనే దొరికింది. ఆ రోజు నిలదీయనందుకు ఇప్పటికీ తన మీద తనకే మంటగా ఉంటుంది.

దేవరకొండలో వాళ్ల జిరాక్సు దుకాణం బోర్డు మీద ఉండేది మెహమూద్ పేరే. పెళ్లి పత్రికలు, దరఖాస్తులు, బడి ప్రశ్నపత్రాలు టైపు చేసేది మాత్రం ఇంట్లో, వంటకూ వంటకూ మధ్య, జాహేదా. ఆ కంప్యూటర్‌లోనే మూడేళ్లుగా తన కోసం ఒక పని చేసుకుంటోంది. దవాఖానకు వచ్చే ఆడవాళ్లు తమ నొప్పిని ఏ మాటల్లో చెప్పుకుంటారో, ఉర్దూలో దాన్ని ఏమంటారో, డాక్టరుకు ఎలా చెప్పాలో, అన్నీ ఒకచోట రాస్తోంది. నర్సు జానమ్మ మాటలు మోసుకొస్తుంది. జాహేదా వాటి పక్కన మౌసుతో బొమ్మలు గీస్తుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ మూలుగుతోంది. అది ఎప్పుడు కన్ను మూస్తుందోనని మూడు ఫ్లాపీల్లోకి కాపీ ఎక్కించుకుంది. మొన్న చూస్తే ఒక్కటీ తెరుచుకోలేదు. మొగుడే చెడగొట్టాడనుకుంది. తీరా చూస్తే అత్త ఇక్బాల్ బీ, గురువారం సాయంత్రం ఇల్లంతా లోబాన్ సాంబ్రాణి పొగ వేస్తూ, ఫ్లాపీల రేకులు పక్కకు జరిపి మరీ లోపలికి పొగ పట్టించింది. "ఇంటికి అన్నం పెడ్తున్నయి గద బేటీ, నజర్ తగుల్తదని" అంది. జాహేదాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో తన పనికి దిష్టి తగులుతుందని అనుకున్న మనిషి ఆ ముసలమ్మ ఒక్కతే.

అప్పుడే మెహమూద్ ఒక కాగితం తెచ్చి, ఆమె ఫైలును భద్రంగ పెట్టిస్తనన్నాడు. హైదరాబాద్‌లో ఎవరో కొత్తగా పెట్టారట. టెలిఫోను తీగ గుండా మన ఫైళ్లు పంపితే తమ పెద్ద కంప్యూటర్‌లో దాచి ఉంచుతారట. తిన్నావా అని ఏనాడూ అడగని మనిషికి తన ఫైలు మీద ఇంత బెంగ ఎందుకు పుట్టిందో ఆమెకు అంతుపట్టలేదు. మర్నాడు జానమ్మ చెప్పింది: "మీ ఆయన రాసిన కితాబును మా దవాఖాన డాక్టరు సారు అచ్చేపిస్తడంట. వచ్చే నెల మొదటి సోమవారం తెమ్మన్నడు. ఆయన రాసుడేంది జాహేదా? మాటలు తెచ్చిచ్చింది నేను, రాసింది నువ్వు గద!"

జాహేదా ఆ కంపెనీకి ఫోన్ చేసింది. "మా ఫైలు మీ దగ్గర ఎవరు చదువుతరు?"

"సార్‌ను మాట్లాడమనండి మేడమ్."

"కంప్యూటర్ నడిపేది నేను. నాకే చెప్పుండ్రి."

అవతలి మనిషి విసుక్కుంటూ చెప్పాడు. రెండు రకాల సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకటి వారానికోసారి దానంతటదే పంపుతుంది, యజమాని అడిగితే కంపెనీయే తెరిచి ఇస్తుంది. రెండోది ఫైలుకు పాస్‌వర్డ్‌తో తాళం వేశాకే పంపుతుంది. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తాము కూడా తెరవలేరు. "అది రిస్కు మేడమ్, సార్ మొదటిదే అడిగారు" అన్నాడు. కంపెనీ కూడా తెరవలేదన్నదే ఆమెకు కావలసిన మాట.

ఫారం టైపు చేయమని మెహమూద్ ఆమెకే చెప్పాడు. "యజమాని జాగల నా పేరు రాయి." ఆమె జాహేదా బేగం అని రాసి, రెండోదానికి టిక్కు పెట్టి, సంతకం చేసి పోస్టు డబ్బాలో వేసింది. ఆయన చదివి చూడలేదు. ఆమె టైపు చేసింది ఎన్నడు చదివాడు గనక!

సాఫ్ట్‌వేర్ పోస్టులో వచ్చింది. జాహేదా తాళం వేసి ఫైలు పంపింది. అయినా నమ్మకం కుదరక ఒకసారి వెనక్కి తెప్పించుకుని చూసింది. ఒక్క మాట పోలేదు, ఒక్క బొమ్మ చెదరలేదు. తర్వాత ఇంటి కంప్యూటర్‌లో ఉన్నదాన్ని తన చేత్తోనే చెరిపేసింది. మూడేళ్ల కష్టం ఇప్పుడు తన తలలో ఉన్న ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. భయంగానే ఉంది, కానీ ఆ భయం తనది.

ఆ సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మెహమూద్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. జానమ్మతో కలిసి డాక్టరు దగ్గరికి పోయి, కితాబు రాసిందెవరో చెప్పడానికి జాహేదా అప్పటికే బుర్ఖా వేసుకుని, చెప్పుల్లో కాలు పెడుతోంది.

"ఫైలు కనిపిస్తలేదేంది? హైదరాబాద్ నుంచి తెప్పిద్దామంటే పాస్‌వర్డ్ అడుగుతాంది. ఏం పెట్టినవు?"

"భద్రంగనే పెట్టిన" అంది జాహేదా గడప దాటుతూ. "యాడ పెట్టిన్నో యాదికొస్తలేదు."