జలుబాయన

డాక్టరు చెప్పిందంతా టైపు కొట్టేశాక టైపక్క హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుని, పేజీ మొదటి నుంచి చదవమని కంప్యూటరుకు చెప్పింది. జలుబాయన గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. పక్కవాళ్ళు వింటే రేకు మీద వడగళ్ళు పడుతున్నాయనుకుంటారు. ఆ జోరులోనూ, ఎడమ మోకాలు ఒకచోట కుడి మోకాలైపోయిన సంగతి ఆమె చెవికి తగిలింది. ఆపి, దిద్ది, మళ్ళీ వదిలింది.

టైపక్కకు పుట్టుకతోనే చూపు లేదు. ఆస్పత్రి డాక్టర్లు రోగిని చూశాక ఫోనులో చెప్పి పెట్టిన మాటల్ని ఇంట్లో కూచుని టైపు చేసి పంపడం ఆమె ఉద్యోగం. తను కొట్టింది తనకు చదివి వినిపించేది కంప్యూటరులోని గొంతు. ఏ మనిషిదీ కాని, ముక్కుతో మాట్లాడే ఆ గొంతుకు వచ్చిన రోజే జలుబాయన అని పేరు పడిపోయింది. పని తెమలకపోతే ఆమె ఆయన్నే కసిరేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు. మొగుడైతే ఈపాటికి పారిపోయేవాడని తమ్ముడు ఆటపట్టించేవాడు.

పాత సిస్టమ్ మీద నడిచే కంప్యూటర్లను ఇక తమతో కలపబోమని ఆస్పత్రి తేల్చేసింది. అందుకని లిఫ్టులు బాగుచేసే తమ్ముడు, కొత్తది వేసిపెట్టడానికి ఆ రోజు పనికి సెలవు పెట్టాడు.

“ఉన్నవేవీ పోవు కదరా?”

“నీ ఫైళ్ళన్నీ వేరే తీసిపెట్టాను. నువ్వెళ్ళి కాస్త నడుం వాల్చక్కా.”

వాల్చింది. మణికట్లు లాగేస్తున్నాయి, మెడ పట్టేసింది. ఎన్నేళ్ళ అలసటో అంతా ఒక్కసారే వచ్చి మీద పడినట్టుంది. పక్క గదిలో కంప్యూటరు రొద పెట్టడం, సద్దుమణగడం, మళ్ళీ రొద పెట్టడం వింటూ నిద్రపోయింది.

తమ్ముడే లేపి, కుర్చీలో కూచోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించాడు. అతని సంబరం చేతుల్లోనే తెలిసిపోతోంది. చెవిలో ఒక ఆడగొంతు పలికింది. తేనె పూసినట్టుంది. మధ్యమధ్య ఊపిరి కూడా తీసుకుంటోంది.

“ఎవరిదిది?”

“కొత్త సిస్టమ్‌తో వచ్చింది. అచ్చం మనిషే కదూ! ఇన్నాళ్ళూ ఆ ముక్కుగొంతుతో ఎలా వేగావో.”

“ఆయనేడీ?”

తమ్ముడు నసిగాడు. “అన్నీ తుడిచేసి శుభ్రంగా వేశాను. ఆ పాత గొంతు ఇందులో పనిచెయ్యదంది కంప్యూటరు. ఎలాగూ ఇది బాగుంది కదా అని...”

ఆమె వేగం పెంచింది. తేనెగొంతులో మాటలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కొంచెం తగ్గించింది, ఇంకా తగ్గించింది. చంటిపిల్లకు కథ చెప్పేంత నిదానానికి వచ్చాక గానీ ఏ మోకాలో తెలియలేదు. మూడు ఫైళ్ళు ముగించే సమయంలో ఒక్క ఫైలే అయింది.

తమ్ముడు కంప్యూటర్ షాపుకు ఫోను చేశాడు. ఆ పాత గొంతు తయారుచేసిన కంపెనీయే మూతపడిందట. పాత సిస్టమ్ తిరిగి వేసినా, ఆ గొంతుకు మళ్ళీ అనుమతి ఇచ్చేవాళ్ళు లేరట.

“చంపేశావు కదరా ఆయన్ని.”

“నీకు బాగుంటుందనేనక్కా.”

అది ఆమెకూ తెలుసు. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేకపోయింది.

“పోనీ, చదివి చూసుకోకుండానే పంపేస్తే?”

“ఎవరికో ఒక కాలికి బదులు ఇంకో కాలు కోయిస్తావా?”

“అయితే సాయంత్రాలు నేను చదివి పెడతా.” అంటూనే మొదలుపెట్టాడు. రెండో వాక్యంలో తడబడి, పొడుగాటి మందు పేరు దాటేసి, నిట్టూర్చాడు.

చిన్నప్పుడూ అంతే. ఇంట్లో అందరూ ఆమెకు చదివి పెట్టారు. అమ్మ ఏడుపొచ్చే చోట్లు దాటేసేది, తమ్ముడు పొడుగు పేజీలు దాటేసేవాడు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు నిట్టూర్చేవాళ్ళు. ఒక్క అక్షరం దాటెయ్యకుండా, ఒక్కసారి కూడా నిట్టూర్చకుండా ఆమెకు చదివింది ఆయనొక్కడే. ఆయనుండబట్టే ఇన్నేళ్ళూ ఎవరి పుణ్యమూ అక్కర్లేకుండా తన కూడు తను తింది. టైపక్కకు ఏడుపొచ్చింది. తమ్ముడు చూడకుండా ముఖం గోడవైపు తిప్పుకుంది.

సాయంత్రం ఆస్పత్రి సూపర్‌వైజరమ్మ ఫోను చేసింది. “టైపక్కా, ఫైళ్ళు సగం కూడా రాలేదేంటి? ఒంట్లో బాగానే ఉందా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“ఎలా చెప్పాలో తెలీట్లేదక్కా. ఇప్పుడు డాక్టర్ల మాటల్ని మిషనే విని రాసేస్తోంది కదా, దానికే ఇచ్చేద్దామని పైవాళ్ళు గోల పెడుతున్నారు. మా టైపక్క మిషను కన్నా ముందే తప్పుల్లేకుండా పంపిస్తుందని నేనే అడ్డుపడుతూ వస్తున్నా.”

ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగిపోవడం టైపక్కకు వినబడింది. ఇక పని లేదన్న మాట ఆ పిల్ల నోటితో అనిపించడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

“ఇక అడ్డుపడకు తల్లీ. రేపటి నుంచి నాకేం పంపొద్దు.”

హెడ్‌ఫోన్లను ఒక చెవి మీంచి జరిపి ఫోను మాట్లాడింది. వాటిని తీసేద్దామనుకుంటూ, బల్ల కింద పెడల్‌ను అలవాటుగా తొక్కింది. తొక్కితే డాక్టరు మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఎవరో డాక్టరు సగంలో ఆగిన వాక్యాన్ని అందుకుని, రోగి బాగానే నిద్రపోతున్నాడనీ, ఇంటికి పంపించే విషయం రేపు... అంటున్నాడు. టైపక్క కాలు తీసేసింది.

“అన్నం తిందామా అక్కా?” అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి, భయంభయంగా.

“పద.”

గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది. బల్ల కింద పెడల్ మీది రబ్బరు, ఆమె బొటనవేలు ఆనే చోట గుంటపడి, ఇంకా వెచ్చగా ఉంది.