ఆయిల్ పుల్ల సాక్ష్యం

"కాళ్ళు పోయాయా! రెండూనా?"

ఫోనులో మా చెల్లెలు పెట్టిన కేక ముందు నా మెకానిక్ షెడ్డులో తిరుగుతున్న గ్రైండరు చిన్నబోయింది.

నేను చెప్పింది వేరు. "మీ ఆయన నడిపే బండిలో ప్లేట్లు కాలిపోయాయి, మీ ఆయన ఇక్కడే ఉన్నాడు, భోజనానికి రాడు" అన్నాను. మధ్యలో గ్రైండరు దూరి, ప్లేట్లని మింగేసి, కాలిపోయినవాటిని కాళ్ళు చేసి అవతలికి పంపింది. విడమరిచేలోగా చెల్లెలు ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఎత్తడానికి ఇంట్లో ఉంటేగా!

కాసేపటికి ఒక చెప్పుతో షెడ్డులోకి వచ్చిపడింది. బావ బండి చక్రం పక్కన గొంతుక్కూచుని టీ తాగుతున్నాడు. ముందు అతని కాళ్ళు చూసింది. నమ్మకం కుదరక తడిమి చూసింది. ఆ తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది.

"కాళ్ళున్నాయి కదే, ఎందుకు కొడతావ్?" అన్నాడు బావ.

"ఉన్నాయి గనకే కొట్టాను! లేకపోతే ఏడ్చేదాన్ని."

"పోయినవి గేర్‌బాక్సులో ప్లేట్లే తల్లీ" అన్నాను. "బావ కాళ్ళు భద్రం. కాలు పెట్టుకునే చోటే పోయింది."

దాని మొహంలో నవ్వు సగంలో ఆగింది. "అంటే?"

"గురువుగారు నిన్న పనిలోంచి తీసేశారు. రాత్రి నీకు చెప్పలేకపోయాను" అన్నాడు బావ, టీ గ్లాసుతో చెబుతున్నట్టు.

ఆ గురువుగారు కొండ మీది లాడ్జికి యజమాని. అంతకుముందు లారీల యజమాని, దానికీ ముందు లారీ డ్రైవరు. ఊరూ పేరూ లేని మా బావ చేతికి స్టీరింగు ఇచ్చి, నడపడం నేర్పి, పెళ్ళిచూపులకి తన చొక్కా ఇచ్చి పంపినవాడు. ఆ చొక్కా చూసే మేం పిల్లనిచ్చాం. బావ నడిపేది లాడ్జికొచ్చేవాళ్ళని కొండెక్కించి దించే బండి. ఫోర్ వీల్ డ్రైవు, ఆటోమేటిక్ గేర్లు. వయసులో మా చెల్లెలి కంటే పెద్దది, కోపంలో చిన్నది.

కొన్నాళ్ళుగా ఆ బండికి బద్ధకం పట్టుకుంది. గేరు వేశాక కాసేపు ఆలోచించుకుని గానీ కదలదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు చించుకుంటుంది, చక్రాలు పట్టించుకోవు. షెడ్డులో దీన్ని గేరు జారడం అంటాం. ఇంట్లో అయితే సంసారం అంటాం.

బావ చెబుతూనే ఉన్నాడు. "గురువుగారూ, గేరు జారుతోంది, ఒకసారి చూపిద్దాం."

"పుల్ల నిండుగా ఉందిరా. జారేది గేరు కాదు, నీ కాలు."

లోపల ఆయిల్ ఎంతుందో చూపించే ఆ పుల్లని ముట్టుకునే హక్కు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. లారీల నాటి నియమం అది. పొద్దున్నే, ఇంకా ఎవరూ తాళం తిప్పకముందు, చల్లగా ఉన్న బండి దగ్గరికి ఉతికిన గుడ్డతో వస్తాడు. ఇంజను పుల్ల లాగి తుడిచి చూస్తాడు. గేర్‌బాక్సు పుల్ల లాగి తుడిచి చూస్తాడు. రెండూ నిండుగా ఉన్నాయని తల ఊపాకే బావ సీట్లో కూచోవాలి.

నిన్న బండి కొండ మధ్యలో, నిండా జనంతో, ఆగిపోయింది. పెట్టెలు నెత్తిన పెట్టుకుని అంతా నడిచి ఎక్కారు. గురువుగారు వాళ్ళందరి ముందూ బావ జేబులోంచి తాళంచెవి తీసుకున్నాడు. "రెండు కాళ్ళతో నడిపావురా. ఒకటి బ్రేకు మీద, ఒకటి యాక్సిలరేటరు మీద. ప్లేట్లు కాల్చేశావు" అన్నాడు. బండిని తాడు కట్టించి నా షెడ్డుకే పంపాడు. "మీ బావే కాల్చాడని నువ్వే విప్పి చెప్పు" అని కబురు.

విప్పేదాకా అక్కర్లేకపోయింది. నేను పొద్దున్నించీ బండి కింద దూరి చూడాల్సింది చూసుకుని, ఆయన్ని రమ్మన్నాను.

"నువ్వు చూసింది చెబితే మళ్ళీ పనిలో పెట్టుకుంటాడా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"పెట్టుకోక? తప్పు మనది కాదుగా" అన్నాను. బావ టీ గ్లాసు తిప్పుతూ అడుగు చూసుకున్నాడు.

గురువుగారు వచ్చాడు. స్టూలు వేస్తే కూచోలేదు. బావ లేచి నిలబడి, టీ గ్లాసు వెనక్కి దాచాడు.

"ముందు మీ పద్ధతిలో చూద్దాం" అన్నాను. బండి చదును నేల మీద ఉంది, ఇంజను ఆగి ఉంది. గేర్‌బాక్సు పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ పెట్టి లాగి ఆయన చేతికిచ్చాను.

"నిండుగా ఉంది. నేను చెప్పలా?" అన్నాడు.

"ఇప్పుడు దాని పద్ధతిలో."

బావని బండెక్కమన్నాను. స్టార్టు చేశాడు. వేడెక్కనిచ్చాం. బ్రేకు తొక్కి పట్టుకుని, గేర్లన్నీ ఒక్కొక్కటీ వేసి తీసి, లివరు మళ్ళీ పార్కింగులోకి తెచ్చాడు. ఇంజను తిరుగుతుండగానే పుల్ల లాగాను. చివర మాత్రం తడి. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు మాడిన కషాయంలా ఉంది. ఆయన వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇది ఇంజను ఆయిల్ లాంటిది కాదు గురువుగారూ. ఇంజను ఆగితే పైనున్నదంతా దిగి అడుగున చేరుతుంది, కరువులో కూడా నిండుగా కనిపిస్తుంది. తిరుగుతున్నప్పుడు చూస్తేనే దాని బతుకు తెలిసేది. ఇన్నాళ్ళూ మీరు నిద్రపోతున్నవాణ్ణి లేపకుండా ఆరోగ్యం అడిగారు."

ఆయన అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "తగ్గితే కారాలిగా? రోజూ నేల చూస్తాను నేను. ఒక్క చుక్క పడితే ఒట్టు."

"ఒట్టు నిజమే. చుక్క కింద పడలేదు" అని, బండి ఆపించి కిందికి దూరాను. గేర్‌బాక్సు వెనకాల, నాలుగు చక్రాలకీ బలం పంచే పెట్టె ఒకటుంటుంది, ట్రాన్స్‌ఫర్ కేసు. దాని ఆయిలు పక్కనున్న కన్నం అంచుదాకా ఉంటే చాలు. బిరడా విప్పగానే ధార కట్టి, నా మోచేతిదాకా తడిపేసింది.

"రెండింటి మధ్యా ఉన్న సీలు అరిగిపోయింది. ఈ గదిలోది ఆ గదిలోకి చేరుతోంది, వీధిలోకి రావట్లేదు. ఇక్కడ ఆయిల్ లేక ప్లేట్లు కాలాయి. బావ కాల్చలేదు. ఇది ట్రాన్స్‌ఫర్ కేసు గురువుగారూ, మీరు సస్పెన్షన్ కేసు చేశారు!"

నా జోకుకి నేనే గట్టిగా నవ్వాను. షెడ్డులో ఇంకెవరూ నవ్వలేదు.

పుల్ల ఇంకా ఆయన చేతిలోనే ఉంది. జేబురుమాలు తీసి, చివరిదాకా శుభ్రంగా తుడిచాడు.

"అయితే ఈయన తప్పేం లేదన్నమాటేగా గురువుగారూ?" అంది చెల్లెలు.

"లేదమ్మా."

"రేపు పొద్దున్న పంపించనా మరి?"

ఆయన బావ వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. పుల్లతో మాట్లాడాడు.

"వాడెన్నిసార్లు చెప్పాడో నాకు తెలుసమ్మా. వినలేదు. నలుగురి ముందూ జేబులో చెయ్యి పెట్టాను. ఇప్పుడు వాడొస్తాడు, గుడ్డ పట్టుకుని నా పక్కన నిలబడతాడు. ఒక్క మాట అనడు. నాకు తెలుసు, అనడు. ఆ అనకపోవడాన్ని రోజూ పొద్దున్నే చూడమంటావా? నా వల్ల కాదు."

"నేనేమీ అనుకోను గురువుగారూ" అన్నాడు బావ.

"అదేరా నేను చెప్పేది."

ఆయన పుల్లని దాని చోట జాగ్రత్తగా దించాడు. అలవాటు చొప్పున ఒకసారి లాగి చూసుకున్నాడు. ఇంజను ఆగే ఉంది. నిండుగా ఉన్నట్టుంది, తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు ఆటో ఆగింది. అందులోంచి బావ వాళ్ళమ్మ, వెనక ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు దిగారు, వాళ్ళ చేతుల్లో రెండు చంకకర్రలు.

"నాయనా! ఏదిరా, ఎక్కడ పడుకోబెట్టారు?" అంటూ లోపలికొచ్చిన అత్తయ్యగారు, నిలబడి ఉన్న కొడుకుని గుద్దుకుని ఆగింది.

"కాళ్ళు పోలేదత్తయ్యా! కాలిపోయాయి!" అంది చెల్లెలు.

"కాలిపోయాయా!" అని ఆవిడ కూలబడింది.

ఇక నా గొంతు అక్కరకొచ్చింది. ఆటోవాడికీ, టీ కొట్టువాడికీ కూడా వినబడేలా మొదట్నించీ చెప్పాను. కాలింది ప్లేట్లని, ప్లేట్లంటే అన్నం తినేవి కావని, గ్రైండరే దోషి అని, చెల్లెలి చెవి సాక్షి అని. అందరూ విరగబడి నవ్వారు. అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బావ కూడా నవ్వాడు.

"ఈ కర్రలెవరివే?" అన్నాడు తల్లితో.

"ఎదురింటి మేస్త్రీవిరా. త్వరగా ఇచ్చేయమన్నాడు, అవి లేక పాపం మంచం మీదే కూచున్నాడు. ఎవరు పట్టుకెళ్తారో ఏమో, అందరికీ పనులాయె."

బావ రెండు కర్రలూ అందుకుని భుజాన వేసుకున్నాడు.

"నేనిచ్చొస్తాలే అమ్మా. నాకిప్పుడు పనేముంది?"