ఇంకా మార్చనిది

ఎదురు కొట్లో బట్టలు కుట్టే అక్క రొట్టెల కొట్టావిడతో అందట, "కంప్యూటరాయన చెయ్యి చూశావా? స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మద్దెల వాయిస్తున్నట్టే ఉంది" అని. రొట్టెల కొట్టావిడ ఆ మాటకు కాస్త మందు కూడా కలిపి, కంప్యూటరాయన చెల్లెలి చెవిలో వేసింది. మీ అన్నయ్య చాటుగా తాగుతున్నాడా అమ్మా, అని.

చెల్లెలికి కోపం రాలేదు. తాగుడైతే ఎంత బాగుండు, తిట్టో కొట్టో మానిపించొచ్చు అనుకుంది. అన్నయ్య టీ గ్లాసు నిండా పోయనివ్వడం మానేసి చాలా కాలమైంది. సగం చాలంటాడు. ఆ సగం కూడా ఎవరూ చూడనప్పుడు తాగుతాడు.

కొట్టు అన్నాచెల్లెళ్లిద్దరిదీ. పాడైనవి ఇద్దరూ బాగుచేస్తారు. కొత్త సిస్టం బిగించాలంటే మాత్రం అన్నయ్యే. కిటికీ పక్కనున్న బల్ల ఆయనది. చెల్లెలికి పనంతా నేర్పింది ఆయనే అయినా, ఆ బల్ల మీద ఆమె చేతిసంచి పెట్టినా ఒప్పుకోడు.

గాలికబురు ఆయన దాకా వచ్చిందో లేదో తెలియదు గానీ, కుట్టు అక్క ఒక సిస్టం కావాలని వచ్చినప్పుడు, విన్నాడని తెలిసిపోయింది. పూల కుట్టుకు డిజైన్లు గీసుకోవాలట. అన్నీ చెప్పి, లేవబోతూ చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వే బిగిస్తావా అమ్మా?"

"నేనే బిగిస్తాను అక్కా," అన్నాడు అన్నయ్య. "స్విచ్ నొక్కగానే వెలగకపోతే ఈ బల్ల దగ్గర్నుంచి లేచిపోతా. చెల్లికి ఇచ్చేస్తా. సరేనా?"

"అంత మాటెందుకు తమ్ముడూ? నాకూ సూదిలోకి దారం ఎక్కట్లేదు. కోడలు ఎక్కించి పెడుతోంది."

"నీ సూదికి ఉన్నది ఒక్క బెజ్జమేగా, నాకు వందల పిన్నులు!" అని నవ్వాడాయన. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు.

సామాన్లు వచ్చాయి. అన్నయ్య వీధికీ చెల్లెలికీ వీపు పెట్టి బిగించాడు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్నులు లెక్కలేనన్ని ఉంటాయి. ప్రాసెసర్‌ని వాటి మీద నొక్కకూడదు, నిద్రపోతున్న పసిబిడ్డను మంచం మీదికి మార్చినట్టు దించి వదిలెయ్యాలి. చెల్లెలికి ఆ మాట చెప్పిందీ ఆయనే.

స్విచ్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది.

"వైరు వదులుగా ఉన్నట్టుంది. చూడవే," అన్నాడు.

వైరు గట్టిగానే ఉంది. ఇక దొంగను పట్టే పని మొదలైంది. ఆ పేరు, ఆ పద్ధతి అన్నయ్యవే. అనుమానం ఉన్నదాన్ని తీసి, మంచిదని తెలిసినదాన్ని పెట్టాలి. ఒకసారికి ఒక్కటే. రెండు మార్చావంటే సిస్టం వెలిగినా దొంగెవరో తేలదు.

వైరు మార్చారు. మానిటర్ మార్చారు. ర్యామ్ తీసి, పక్క సిస్టంలో నడుస్తున్నది పెట్టారు. కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా మార్చారు. మార్చిన ప్రతిసారీ ఫ్యాన్లు తిరగడం, ఇద్దరూ ఆ నల్లటి తెరను చూస్తూ నిలబడటం. చివరికి ప్రాసెసర్‌ను తీసి చెల్లెలు తన దగ్గరున్న వేరే బోర్డులో పెట్టింది. అక్కడ వెంటనే వెలిగింది.

ఖాళీ అయిన సాకెట్ మీద భూతద్దం పెట్టి చూసింది. ఒక మూల పిన్నులన్నీ నారుమడిలో గేదె పొర్లినట్టు వాలిపోయి ఉన్నాయి.

ఆమె తలెత్తేలోపే అన్నయ్య అందుకున్నాడు. "ఫ్యాక్టరీలోనే అలా వచ్చి ఉంటుంది. దొంగ దొరికాడుగా! ఇంకో బోర్డు తెప్పించు."

పెట్టె విప్పినప్పుడు సాకెట్ మీద పిన్నులు వంగకుండా వేసే మూత గట్టిగానే ఉండటం చెల్లెలు చూసింది. అయినా ఫోన్ చేసి ఇంకో బోర్డు తెప్పించింది.

ఈసారి మూత తియ్యగానే భూతద్దం ఆయన చేతికిచ్చింది.

"ఇద్దరం చూద్దాం అన్నయ్యా."

చూశారు. పిన్నులన్నీ బుద్ధిగా, వరసగా నిలబడి ఉన్నాయి.

"ఒక్కటీ వంగలేదుగా?"

"లేదు."

"పోనీ, నేను పెట్టనా?"

"నువ్వు జరుగు."

ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ప్రాసెసర్‌ను దించాడు. ఇంకాస్త దిగితే చాలనగా మణికట్టు ఆ పట్టులోంచి ఒక్కసారి ఎగిరింది. అన్నంలో రాయి తగిలినంత చిన్న చప్పుడు. ఆయన గబుక్కున దాని మీది రేకు దించి, గొళ్లెం బిగించేశాడు.

మిగతా సామాన్లు ఎక్కించేసరికి కుట్టు అక్క మెడలో కొలత టేపుతోనే వచ్చి స్టూలు మీద కూర్చుంది. అన్నయ్య ఆమె వైపు చూడకుండా స్విచ్ నొక్కాడు.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది.

"కరెంటు సరిగ్గా లేదేమో తమ్ముడూ," అంది అక్క మెల్లగా. "పొద్దున మా మిషనూ ఆగి ఆగి నడిచింది."

ఆయన వినలేదు. సామాన్లలో ఒక్కొక్కదాని మీదా వేలు పెడుతూ వచ్చాడు. వేలు తగిలిన చోటల్లా చిన్నగా టకటకమంది.

"వైరు మార్చాం. ర్యామ్ మార్చాం. డబ్బా మార్చాం. ప్రాసెసర్ మంచిదే. బోర్డు, ఇదిగో, కొత్తది. ఇంకా మార్చనిది ఏముందే?"

ఈ బోర్డూ చెడ్డదే అన్నయ్యా, ఇంకోటి తెప్పిస్తా అనే మాట చెల్లెలి నోటిదాకా వచ్చింది. అలా అంటే ఆయన నమ్మేవాడు. అది వచ్చేదాకా ఆ బల్ల దగ్గరే కూర్చుని, రాగానే మళ్లీ మణికట్టు పట్టుకునేవాడు.

"చెప్పవే," అన్నాడు. "మార్చనిది ఏముంది?"

"నీ చెయ్యి, అన్నయ్యా."